తీసేసిన లైను

అమ్మని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు. గంట పడుతుందండీ, మీరు ఇక్కడే కూర్చోండి అని ఫిజియోథెరపీ అమ్మాయి ప్రతిసారీ చెప్పే మాటే చెప్పింది. గోడ గడియారంలో పది దాటి మూడు నిమిషాలు. పదకొండింటికి తమ్ముడు కారు తెస్తాడు. వాడు వచ్చేలోగా నేను మూడు పనులు పూర్తిచెయ్యాలి, మూడూ ఈ ఫోనులోనే, ఈ నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే. వాడి ముందు చెయ్యకూడని పనులేం కావు. కానీ వాడొచ్చి అక్కా అని ఆ పిలుపుని కాస్త సాగదీశాడంటే నేను మెత్తబడిపోతాను, వాడు పుట్టిన నాటినుంచీ మెత్తబడుతూనే ఉన్నాను, నాకు పదేళ్ళప్పుడు వాణ్ణి తెచ్చి ఒళ్ళో పెట్టి జాగ్రత్త అన్నారు, ఆ జాగ్రత్త ఇంకా నా ఒళ్ళోంచి దిగలేదు. అందుకే ఈ గంట. ఇంట్లో కూర్చుని చేద్దామంటే మూడు వారాలుగా ఏదో ఒక పని అడ్డొస్తోంది, అడ్డు రాకపోతే నేనే తెచ్చుకుంటున్నాను, నిన్నయితే అల్మారాలో పాత కరెంటు బిల్లులు కూడా ఏళ్ళవారీగా సర్దేశాను. ఇక్కడ సర్దడానికేమీ లేదు. కుర్చీలు నేలకి బిగించి ఉన్నాయి.

సర్దడానికి లేకపోయినా దిద్దడానికి ఉంది. ఎదురుగా గోడ మీద మోకాలి బొమ్మ, ఎముకకి ఒక బాణం, చిప్పకి ఒక బాణం, కింద ఆరు సూచనలు. నాలుగో సూచన రెండుసార్లు అచ్చయి మొత్తం ఏడయ్యాయి, కానీ అంకెలు మాత్రం ఆరే. వచ్చిన మొదటి రోజే చూశాను, చెప్పనా మాననా అని ఊగిసలాడి ఆ అమ్మాయికి చెప్పాను కూడా, ఆ పిల్ల నవ్వి, రెండేళ్ళుగా ఇక్కడే ఉందండీ ఎవరూ గమనించలేదు అంది. ఎవరూ గమనించలేదు. ఆ మాట నాతోనే ఉండిపోయింది, పోస్టరు గురించి కాదు. లోపలినుంచి అమ్మ గొంతు వినిపిస్తోంది, కాలు ఎత్తి దించుతూ పైకే లెక్కపెడుతోంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఏడు. మళ్ళీ అండీ, అంటోంది ఆ అమ్మాయి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఎంచక్కా అయిదూ ఆరూ మింగేసింది. మా ఇంట్లో ఈ గుణం ఎక్కడినుంచి వచ్చిందో ఇక వెతకనక్కర్లేదు.

ఎర్రసిరా. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నా పేరు అది. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు, ఎవరికీ జీతం లేదు, అలాంటి చోట పన్నెండేళ్ళుగా పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక గంట ఊరందరి తప్పులూ దిద్దుతాను. నన్ను చూస్తే కొత్తవాళ్ళకి హడలు. ఎవరైనా ఒక దుకాణం గురించో ఒక కాలేజీ గురించో మరీ తియ్యగా రాశారంటే చాలు, వాళ్ళ చర్చాపేజీలో నా సందేశం వాలిపోతుంది, ఈ రచనకు మీరు ఎవరి నుంచైనా ప్రతిఫలం పొందుతుంటే దయచేసి వెల్లడించండి, ఎవరు ఇచ్చారు, ఎవరి కోసం, మీకు వారితో సంబంధం ఏమిటి, మూడూ తెలపండి. ఆ సందేశాన్ని ఈ రూపంలోకి దిద్దింది కూడా నేనే. ప్రతిఫలం అంటే డబ్బొక్కటే కాదని, వస్తువు అయినా, సేవ అయినా, ఉచితంగా ఇచ్చిన భోజనం అయినా అదే లెక్కలోకి వస్తుందని కింద చిన్న అక్షరాలతో ఒక వివరణ చేర్చింది కూడా నేనే, నాలుగేళ్ళ కిందట, చర్చలో ముగ్గురు వద్దంటే వాదించి మరీ. వస్తువు. చేతిలో ఫోను వెచ్చగా ఉంది.

పెద్దాయన ఇప్పుడు పక్కన ఉంటే ఏమనేవాడు. మందుల డబ్బాల్లో మడతపెట్టి పెట్టే కాగితాలు అచ్చేసే ప్రెస్సులో నేనూ ఆయనా పంతొమ్మిదేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని అచ్చుతప్పులు దిద్దాం, కిటికీ లేని గది, రెండు కుర్చీలు, మెడ వంచిన ఒక దీపం. ఆయన అసలు కాగితం పట్టుకుని పైకి చదివేవాడు, నేను అచ్చు కాగితం మీద వేలు పెట్టి చూసేదాన్ని. భోజనం తర్వాత ఒక మాత్ర కామా నీళ్ళతో ఫుల్‌స్టాపు, ఆయన గొంతులో కామాలూ బ్రాకెట్లూ కూడా మాటలే. ఇంట్లో మాట్లాడేటప్పుడు కూడా నోట్లోంచి కామా వచ్చేస్తోందని ఆయన భార్య నా దగ్గర మొత్తుకునేది. ఒక్కరే చదివితే ఎందుకు కుదరదని చేరిన కొత్తలో అడిగాను. కళ్ళు కాగితం మీద ఉన్నది చదవవమ్మా, వాటికి ముందే తెలిసింది చదువుకుంటాయి, నోటితో చదివించి ఇంకొకరు వేలు పెట్టి చూస్తేగాని వాటి ఆట కట్టదు అన్నాడు. చివర్లో ఆయన ఇంకొకటి చేసేవాడు. అసలులో ఎన్ని లైన్లు, అచ్చులో ఎన్ని లైన్లు, పెన్సిలు మొనతో లెక్కపెట్టేవాడు. నాకు విసుగొచ్చేది. ఒకరోజు ఆ లెక్కలో ఒకటి తగ్గింది, మళ్ళీ పెట్టాడు, తగ్గింది. కడుపుతో ఉన్నవారు ఈ మందు వాడకూడదు అన్న లైను మొత్తంగా ఎగిరిపోయింది, పైదీ కిందిదీ చక్కగా అతుక్కుని ఏ లోటూ లేనట్టు కూర్చున్నాయి. నేను రెండుసార్లు చూశాను దాన్ని. రెండుసార్లూ బాగుందన్నాను. ఉన్న తప్పు కంటికి గుచ్చుకుంటుంది, లేని లైను ఎక్కడ గుచ్చుకుంటుంది. ఆయన పెన్సిలు నా చేతికిచ్చి ఇకనుంచి లైన్లు నువ్వు లెక్కపెట్టు అన్నాడు. నాకు పన్నెండేళ్ళ కిందట ఈ విజ్ఞాన సర్వస్వం చూపించింది ఆయనే, ఇక్కడ అచ్చు ఎప్పటికీ ఆఖరు కాదమ్మా, ఎప్పుడైనా దిద్దుకోవచ్చు అని మురిసిపోతూ. నిరుడు రిటైరయ్యాడు. ఇప్పుడు కళ్ళు బాగా మందగించాయి, ఎవరైనా చదివి పెడితే వింటాడు.

లైన్లు లెక్కపెట్టే పెన్సిలు నా చేతికిచ్చాడు, నేను లైను తీసేశాను. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, తమ్ముడు మా ఇంటికొచ్చి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు, వాడికి పని పడినప్పుడు అలాగే కూర్చుంటాడు. వాడు ఒక ప్రచార సంస్థలో పనిచేస్తాడు, కంపెనీల పేరు బయట మంచిగా వినబడేలా చూడటం వాడి ఉద్యోగం. వాళ్ళకి అందరికన్నా పెద్ద ఖాతాదారు ఒక నేల పలకల కంపెనీ, టైల్సు చేసేది. ఆ కంపెనీ గురించి విజ్ఞాన సర్వస్వంలో ఒక పేజీ ఉంది, అందులో ఒక లైను ఉంది, పాత బట్టీ గది కప్పు కూలి నలుగురు కార్మికులు మరణించారు అని. ఎప్పటిదోనక్కా, దానికిచ్చిన లింకు కూడా పనిచెయ్యట్లేదు, నొక్కి చూడు, మూలం లేనిది ఉంచకూడదని మీ రూలే కదా అన్నాడు. నొక్కి చూశాను. పేజీ దొరకలేదని వచ్చింది. పత్రిక లింకు పోతే పత్రిక పోయినట్టు కాదని, తేదీ, పేజీ నంబరు ఉంటే చాలని, గ్రంథాలయంలో చూసి రాసుకోవచ్చని నాకు తెలియదా. నేను ఎంతమందికి చెప్పాను ఆ మాట. తెలిసీ ఆ లైను తీశాను. ఏం మార్పు చేశారో రాయమని అడిగే చోట పనిచేయని లింకు తొలగింపు అని రాశాను. ఆ కిందే ఒక గడి ఉంటుంది, ఇది చిన్న మార్పు అని. అక్షర దోషాలకీ ఖాళీలకీ అందులో టిక్కు పెడతాం, టిక్కు ఉన్న మార్పుని తోటివాళ్ళు తెరిచి చూడరు, మనమీద నమ్మకంతో దాటిపోతారు. టిక్కు పెట్టాను. కొత్తవాడికెవడికైనా ఆ గడి సంగతి తెలుస్తుందా. అక్కడ పదేళ్ళు నమ్మకంగా పనిచేసిన మనిషికే ఆ తప్పు చేతనవుతుంది.

వారం తిరక్కుండా తమ్ముడు కొత్త ఫోను తెచ్చాడు. నా పాతది ఛార్జింగు పెట్టినప్పుడల్లా పొయ్యిలా కాలుతోందని వాడికి తెలుసు. నీకోసమేనక్కా అన్నాడు, మరదలు కూడా పక్కన నవ్వుతూ నిలబడింది, అమ్మ వాణ్ణి చూసి మురిసిపోయింది. తమ్ముడు అక్కకి ఫోను కొనిపెట్టడంలో వింతేముంది. అలా అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని గట్టిగా పట్టుకున్నానా. బిల్లు ఏదిరా అని అడగలేదు నేను. దుకాణంలో సబ్బు కొన్నా బిల్లు అడిగి చదివేదాన్ని, ఆ రోజు మాత్రం అడగలేదు. అడగకపోవడంలోనే ఉంది అంతా.

తమ్ముడింట్లో అమ్మ స్నానాల గదిలో జారిపడిన రోజున నేనూ అక్కడే ఉన్నాను, పరుగెత్తిన నా చేతిలోంచి ఆ ఫోనూ పడింది. అమ్మని తమ్ముడే రెండు చేతులతో ఎత్తుకుని మూడంతస్తులు దించాడు, లిఫ్టు పనిచెయ్యలేదు, ప్రతి మెట్టు దగ్గరా ఏం కాదమ్మా ఏం కాదమ్మా అంటూనే ఉన్నాడు, వాడి చొక్కా వీపంతా తడిసిపోయింది. అది కూడా వాడే. వాడు చెడ్డవాడని చెప్పగలిగితే నాకు ఈ గంట ఇంత బరువయ్యేది కాదు. అమ్మ ఆసుపత్రిలోంచి వచ్చాక పగిలిన అద్దం మార్పిద్దామని రిపేరు కౌంటరుకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి నంబరు కొట్టి చూసి, గ్యారంటీ ఇంకా ఉందండీ, కానీ ఫోను మీ పేరు మీద లేదు, కంపెనీ తరఫున ఎవరైనా బిల్లు తేవాలి అంది. ఏ కంపెనీ అన్నాను. తెర నా వైపు తిప్పింది. నేల పలకల కంపెనీ. ప్రచార సంస్థ కూడా కాదు, నేరుగా ఆ కంపెనీయే. నా వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు, ఒకాయన గొంతు సవరించుకున్నాడు, నేను మాత్రం ఆ పేరులో అక్షర దోషమేదైనా ఉందా అన్నట్టు చూస్తూ నిలబడిపోయాను. అద్దం మార్పించకుండానే తెచ్చుకున్నాను. ఇప్పటికీ మూలన గీత ఉంది, చూపుడు వేలికి తగులుతుంది.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అమ్మ మంచం, అమ్మ మందులు, అమ్మ కాలు, ఎవరు కాదంటారు. ఫోను తిరిగిచ్చేస్తే సరిపోతుందని ఒక రోజు, ఎవరికీ నష్టం లేదని ఒక రోజు, నాతో నేనే బేరాలాడుకున్నాను. ఎవరికీ నష్టం లేదు. సరిగ్గా అప్పుడు, మూడు వారాల కిందట, ఆ పేజీ చర్చలో ఒక ప్రశ్న వచ్చింది. పేరు లేదు, ఖాతా లేకుండా రాసేవాళ్ళకి పేరు చోట వచ్చే అంకెలే. ఇక్కడ బట్టీ గది ప్రమాదం గురించి ఒక లైను ఉండేది, అందులో నలుగురు అని ఉండేది, మా నాన్న మూడో రోజు ఆసుపత్రిలో పోయారు, ఆయనతో అయిదుగురు, ఆ అంకె దిద్దుదామని ఇన్నాళ్ళకి వచ్చాను, ఇప్పుడు ఆ లైనే లేదు, ఎవరు తీశారు, ఎందుకు తీశారు. అది చదివి నేనేం చేశాను. ఇది ఎవరికైనా చెప్పుకోగలనా. పన్నెండేళ్ళ అలవాటు, వేళ్ళు వాటంతటవే కదిలాయి, కొత్తవాళ్ళకి పెట్టే తయారు సందేశం ఒకటుంది, మీరు తెలిపిన సమాచారానికి దయచేసి నమ్మదగిన మూలం చూపించండి, ధన్యవాదాలు, ఎర్రసిరా. అర నిమిషం పట్టలేదు. తండ్రి పోయిన మనిషిని తండ్రి పోయాడనడానికి మూలం చూపించమన్నాను, కింద ధన్యవాదాలు కూడా చెప్పాను. మర్నాడు జవాబు వచ్చింది. మూలం మా ఇంట్లో గోడకి ఉందండీ, దండ వేసి ఉంది, అది సరిపోతుందా.

అంతే. మళ్ళీ రాలేదు. ఆ ఒక్క ముక్కా నాకు వంటింట్లో వినిపించింది, బస్సులో వినిపించింది, ప్రెస్సులో కొత్తగా చేరిన అమ్మాయి మాత్ర కామా నీళ్ళతో అని చదువుతుంటే నడుమ వినిపించింది. సిగ్గేసింది. ఆ సిగ్గు కొన్నాళ్ళు ఏడుపుగా ఉంది, తర్వాత కోపంగా మారింది, తమ్ముడి మీద కాదు, మూలం మూలం అంటూ ఊరేగిన ఎర్రసిరా మీద. మొన్న శనివారం గ్రంథాలయానికి వెళ్ళాను. పాత పత్రికలన్నీ నెలకొకటిగా అట్టలు వేసి కుట్టి ఉంచుతారు, అక్కడి ఉద్యోగి ఆ బరువుని బల్ల మీద పడేసి దుమ్ము దులిపి, ఏం కావాలమ్మా, ఉద్యోగ ప్రకటనలా అన్నాడు. కాదన్నాను. మొదటి రోజు మొదటి పేజీలోనే ఉంది, పెద్ద ఫొటోతో, నలుగురు. రెండో రోజు లోపలి పేజీలో కంపెనీ విచారం. మూడో రోజు ఏమీ లేదు. నాలుగో రోజు కూడా చూశాను, పెద్దాయన పెన్సిలు ఇచ్చినప్పటినుంచీ నేను ఆఖరి లైను దాకా చూస్తాను కదా. ఏడో పేజీ అడుగున, ఒక చెప్పుల దుకాణం ప్రకటన పక్కన, నాలుగు లైన్లు. బట్టీ ప్రమాదం, చికిత్స పొందుతున్న మరొకరి మృతి. అక్కడే మొదటి రోజుదీ ఇదీ ఒకే కాగితం మీద జిరాక్సు తీయించుకున్నాను. నాలుగు మడతలతో సంచిలో ఉంది. ఆ లైనుని నేను తీసెయ్యకపోతే రెండేళ్ళలో ఎవరో ఒకరు వచ్చి నాలుగుని అయిదు చేసేవాళ్ళు. లేని లైనుని ఎవరు దిద్దుతారు.

పది ఇరవై రెండు. లోపల అమ్మ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మొదటి పని. విజ్ఞాన సర్వస్వంలో ఎర్రసిరా పేరు మీదున్న నా సొంత పేజీ తెరిచాను. మొదట, ఒక పొరపాటు జరిగింది అని రాసి చెరిపాను. పొరపాటు జరగలేదు, నేను చేశాను. నా తమ్ముడు అడిగినందువల్ల అని రాసి అదీ చెరిపాను, అడిగింది వాడైతే వేలు నాది. చివరికి ప్రెస్సులో రాసే తీరులో రాశాను, విశేషణం లేకుండా. ఫలానా తేదీన ఫలానా పేజీలో ప్రమాదం గురించిన వాక్యాన్ని తొలగించాను. దానికి ప్రతిఫలంగా ఆ కంపెనీ కొన్న ఫోను నాకు అందింది. ఆ కంపెనీ ప్రచారం చూసే సంస్థలో నా తమ్ముడు పనిచేస్తాడు, అతని ద్వారా అందింది. తొలగింపుకు నేను రాసిన కారణం సాకు మాత్రమే. దాన్ని చిన్న మార్పుగా గుర్తించడం తోటివారి కళ్ళు కప్పడమే. నా మిగతా దిద్దుబాట్లన్నీ తనిఖీ చేయవలసిందిగా కోరుతున్నాను. తమ్ముడు అన్న దగ్గర చాలాసేపు ఆగాను. పేరు రాయనక్కర్లేదు, మామూలు మనుషుల పేర్లు బయటపెట్టకూడదని కూడా రూలే ఉంది. కానీ వాడి ఆఫీసులో వాడొక్కడికే ఎర్రసిరా అక్క ఉందని అందరికీ తెలుసు, వాడే గొప్పగా చెప్పుకున్నాడు. ఉద్యోగం పోవచ్చు. సోమవారం ఆ కంపెనీతో ఒప్పందం తిరగరాసుకుంటున్నారని మొన్న కార్లో అన్నాడు. అమ్మ ఉండేది వాడింట్లో. అమ్మకి తెలిస్తే నా మొహం చూస్తుందా. తమ్ముడు అన్న మాట తీసేసి పరిచయస్తుడు అని పెడితే నిబంధన చాలా వరకూ తీరిపోతుంది. చాలా వరకూ. నవ్వొచ్చింది. మళ్ళీ ఒక మాట తీసెయ్యబోతున్నాను. తమ్ముడు అన్నది అలాగే ఉంచి, కింద మీట నొక్కాను. ఏమీ కాలేదు. కూలరులో నీళ్ళు గుడగుడలాడాయి, ఎవరో తుమ్మారు. పన్నెండేళ్ళ పేరు పోవడానికి పట్టిన సమయం తుమ్ముకన్నా తక్కువ, అయినా వీపు మీదినుంచి ఎవరో చెయ్యి తీసినట్టయింది.

రెండో పని. ఆ పేజీ తెరిచి, లైను పోయిన చోట వేలు పెట్టి, పాత బట్టీ గది కప్పు కూలి అని మొదలుపెట్టాను, తేదీలు, పేజీ నంబర్లు, జిరాక్సు మోకాలి మీద పరుచుకుని ఒక్కొక్క అంకే చూసుకుంటూ. నా వేళ్ళు ఇంత నెమ్మదిగా ఎప్పుడూ కొట్టలేదు. అంతలో గాజు తలుపు తెరుచుకుంది. పదకొండుకి ఇంకా పావుగంట ఉంది. తమ్ముడు ఎప్పుడూ దేనికీ ముందు రాడు, పుట్టడం కూడా డాక్టరు చెప్పిన తేదీ దాటి తొమ్మిది రోజులకి పుట్టాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది, ఈ ఒక్క రోజే ముందొచ్చాడు. కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ పక్క కుర్చీలో కూలబడి, పార్కింగు దొరికిందక్కా, అందుకే తొందరగా వచ్చేశాను అన్నాడు. చెప్పేశాను. రిపేరు కౌంటరు సంగతి, ప్రశ్న సంగతి, ఇరవై నిమిషాల కిందట నా పేజీలో పెట్టిన సంగతి. తాళాలు ఆగిపోయాయి. వాడు నేల వంక చూశాడు. నేల మీద కూడా పలకలే.

"నా గురించి రాశావా?"

"తమ్ముడు అని రాశాను. పేరు రాయలేదు."

"ఇంకెవరున్నారక్కా నీకు తమ్ముళ్ళు."

అరవలేదు. అరిచి ఉంటే తేలికయ్యేది. తనకీ ఆ ఫోను ఇవ్వడం నచ్చలేదని, కంపెనీవాళ్ళు మీ అక్కగారికి మా తరఫున అని చేతిలో పెడితే కాదనలేకపోయానని, తానే కొన్నట్టు చెప్పడం ఒక్కటే చేసిన తప్పని, సోమవారం దాకా ఆగితే చాలని, సోమవారం సంతకాలయ్యాక తానే దగ్గరుండి ఆ లైను పెట్టిస్తానని, మెల్లగా, నా మోచెయ్యి పట్టుకుని చెప్పాడు. చివర్లో ఆ సాగదీసిన పిలుపు వచ్చింది. ఒక్క లైనే కదా అక్కా అన్నాడు. నేను మెత్తబడ్డాను. అబద్ధమెందుకు, మెత్తబడ్డాను, వాడి కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు నేను అప్పుడే చూశాను, ఎప్పుడు వచ్చాయో. కానీ మెత్తబడటం వేరు, ఆగిపోవడం వేరని ఈ యాభై మూడేళ్ళలో మొదటిసారి తెలిసింది. సోమవారం దాకా ఆగితే ఇంకొక సోమవారం వస్తుంది. దండ వేసి ఉన్న ఆ గోడ దగ్గర ఎన్ని సోమవారాలు గడిచాయో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

ఫోను వాడి చేతిలో పెట్టాను. జిరాక్సు నేను పట్టుకుని వేలు ఆనించాను.

"చదువు. పైకి చదువు, నేను చూస్తాను."

ఎందుకని అడగలేదు. చిన్నప్పుడు వాడి పాఠాలు అలాగే అప్పజెప్పించుకునేదాన్ని, ఆ అలవాటే కావచ్చు, లేక నా మొహంలో ఏం కనిపించిందో. గొంతు సవరించుకుని చదివాడు. పాత బట్టీ గది కప్పు కూలి నలుగురు కార్మికులు మరణించారు. నా వేలు ఆగింది. ఫోనులో నేను నలుగురు అని కొట్టలేదు. వాడు కావాలని అనలేదు, నాకు తెలుసు, రెండేళ్ళ కిందట ఆ లైను తీయించమని వాడికి చెప్పినవాళ్ళు చూపించిన లైను అది, వాడి కళ్ళకి కంఠతా వచ్చేసింది, తెలిసిందే చదువుకున్నాయి.

"మళ్ళీ చూసి చదువు."

చూశాడు. తెరని కాస్త దగ్గరికి తెచ్చుకున్నాడు.

"అయిదుగురా?"

"అయిదుగురు. మీవాళ్ళు నీకు చెప్పలేదా?"

చెప్పలేదని తల ఊపాడు. జిరాక్సు వాడి మోకాలి మీద పెట్టాను. చెప్పుల ప్రకటన పక్కన ఉన్న ఆ నాలుగు లైన్లూ చదివాడు, మళ్ళీ మొదటికి వెళ్ళి చదివాడు, తర్వాత నేను అడక్కుండానే ఫోనులోది మొదటినుంచి పైకి చదివాడు, అయిదుగురు కార్మికులు మరణించారు అని, తేదీలతో, పేజీ నంబర్లతో, ఆఖరి చుక్క దాకా. నా వేలు ఎక్కడా ఆగలేదు. ఫోను నాకు తిరిగిచ్చాడు. ఏం మార్పు చేశారో చెప్పమంటే, రెండేళ్ళ కిందట నేను తీసేసిన వాక్యాన్ని సరిచేసి తిరిగి పెడుతున్నాను అని రాశాను. కింద ఆ గడి ఉంది, ఇది చిన్న మార్పు. దాన్ని ఖాళీగా వదిలి మీట నొక్కాను. వాడు పక్కనే చూస్తున్నాడు. ఆపలేదు. మంచిదైంది అని కూడా అనలేదు, వాడు అలా అనాలని నేను ఆశపడలేదు, తాళాలు రెండు చేతుల మధ్యా పెట్టుకుని, సోమవారం నేనే వెళ్ళి చెప్తాలే, వాళ్ళకి వేరేవాళ్ళ ద్వారా తెలిసేకన్నా అన్నాడు. నా మీద కోపం ఎన్నాళ్ళుంటుందో తెలియదు, ఉండనీ.

లోపల అమ్మ చివరి పదికి వచ్చింది. మూడో పని మిగిలింది. చర్చాపేజీ, అంకెల మనిషి, దండ వేసి ఉంది అన్న మాట, దాని కింద ఖాళీ. తయారు సందేశాల జాబితా వేలికి అందేంత దూరంలో తెరుచుకుంది, మూసేశాను. ఆ లైను తీసింది నేను, దానికి ఫోను తీసుకున్నాను, ఇప్పుడు తిరిగి పెట్టాను అని రాశాను. మీ నాన్నగారితో కలిపి అయిదుగురు. పత్రిక తేదీ కింద ఇచ్చాను, అది వెతకాల్సింది నేను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. క్షమించండి అని రాసి, ఉంచాలా తీసెయ్యాలా అని ఆలోచించి, ఉంచాను. సంతకం దగ్గర ఎర్రసిరా అని రాబోతే ఆపి, అన్నేళ్ళలో మొదటిసారి నా అసలు పేరు కొట్టాను. పంపాను. తర్వాత గుండుసూదితో సిమ్ము బయటికి లాగి పర్సులో వేసుకుని, ఫోను తమ్ముడి ఒళ్ళో పెట్టాను. వాడు దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పి, మూలనున్న గీత మీద బొటనవేలు రాశాడు. తలుపు తెరుచుకుంది. అమ్మ చేతికర్ర పట్టుకుని గడప దగ్గర నిలబడి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏమైందర్రా?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను లేచి వెళ్ళి అమ్మ మోచెయ్యి పట్టుకున్నాను.

"కార్లో చెప్తానమ్మా, మొత్తం చెప్తాను. ముందు అడుగు వెయ్యి. లెక్క నేను పెడతాను."

ఒకటి అన్నాను. అమ్మ అడుగు వేసింది. నాలుగు తర్వాత అయిదు అన్నాను.